మూడో రహస్యంలో పదకొండో జపం

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మా ఇంట్లో ఎవరూ ఎవరినీ జపానికి పిలిచేవారు కాదు. గోడకు చేరవేసి ఉన్న ఈతచాపను నాయనమ్మ వరండాలోకి తీసుకువెళ్ళి రెండుసార్లు గట్టిగా విదిలించేది. ఆ చప్పుడు వినబడగానే అమ్మ పొయ్యి మీది కూర దించేది, తమ్ముడు పలక పక్కన పెట్టేవాడు, నాన్నగారు డ్యూటీలో లేని రోజైతే కాళ్ళు కడుక్కుని వచ్చి తూర్పు గోడ ఎదుట మోకరించేవారు. ఆ గోడ మీద యేసు తిరుహృదయం పటం, దానికి కొంచెం కిందుగా గుణదల మాత పటం, రెండింటి మధ్య మేకుకు నాయనమ్మ జపమాల ఉండేవి. మాది గుణదలలో ఏలూరు కాలువకు దగ్గరగా ఉన్న పెంకుటిల్లు. నాన్నగారు రైల్వేలో పనిచేసేవారు. ఆ ఉద్యోగం కోసమే మా కతోలిక కుటుంబం ఫిరంగిపురం పక్కనున్న పల్లె వదిలి బెజవాడ వచ్చింది.

జపమాల చెప్పడమంటే ఒకరు చదువుతుంటే తక్కినవారు వినడం కాదు. మంగళవార్త జపం రెండు భాగాలుగా ఉంటుంది. మొదటి భాగంలోవి లూకా సువార్తలో గబ్రియేలు దూత, ఎలిజబెతమ్మ మరియమ్మతో పలికిన మాటలు. రెండో భాగం తిరుసభ, అంటే మా కతోలిక సంఘం, తరతరాలుగా చేర్చుకున్న వేడికోలు. "దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము. ఏలినవారు మీతో ఉన్నారు" అని నాన్నగారు మొదలుపెట్టి "యేసు" అన్న పేరు దగ్గరకు వచ్చి వాక్యం ముగించేసరికి, మేమందరం "పరిశుద్ధ మరియమ్మా, సర్వేశ్వరుని మాతా" అని అందుకునేవాళ్ళం. అందుకోవడం అన్నదే మా ఇంట్లో వాడే మాట. నిద్రమత్తులో మా గొంతులు తగ్గితే నాయనమ్మ కళ్ళు తెరవకుండానే "అందుకోండి నాయనా" అనేది. జపమాలలో అయిదు దేవరహస్యాలు, అంటే యేసు, మరియమ్మల జీవితంలోని ఘట్టాలు, తలుచుకుంటూ ఒక్కొక్కదానికి పది మంగళవార్త జపాలు చెబుతాము. రెండో దేవరహస్యాన్ని అమ్మ మొదలుపెడితే నాన్నగారు అందుకునేవారు, మూడోది నాయనమ్మది, నాలుగోది నాది, అయిదోది తమ్ముడిది. ఏడేళ్ళ పిల్లవాడు మొదలుపెట్టిన వాక్యాన్ని డెబ్భై ఏళ్ళ ముసలామె అంతే శ్రద్ధగా పూర్తిచేయడంలోని గౌరవం అప్పట్లో నాకు తెలియలేదు.

నాయనమ్మకు చదువు రాదు. వేలిముద్రే. కానీ ఆమెకు జపాలన్నీ నోటికి వచ్చు: విశ్వాస సంగ్రహం, త్రికాల జపం, దేవమాత ప్రార్థన మాల, సిలువ మార్గం పధ్నాలుగు స్థలాలు, మృతుల కోసం చెప్పేవి, పిడుగు పడేటప్పుడు చెప్పేవి. చిన్నప్పుడు వాళ్ళ పల్లెలో ఉపదేశిగారు పొలం పనులు ముగిశాక రాత్రిపూట లాంతరు పెట్టి, ఒక్కొక్క వాక్యం చెప్పి అందరి చేత అనిపించేవారట. ఫిరంగిపురం నుంచి మిల్‌హిల్ అనే మిషనరీ సభకు చెందిన తెల్లస్వాములు, అంటే విదేశీ గురువులు, నెలకో రెండు నెలలకో ఆ పల్లెకు వచ్చి పరీక్షించేవారట. గుంటూరు మేత్రాసనం, అంటే బిషప్పుగారి పాలనలోని ప్రాంతం, నెల్లూరు నుంచి వేరుపడిన 1940వ సంవత్సరాన్ని ఆమె ఎన్నడూ మరిచిపోలేదు, ఎందుకంటే మా నాన్నగారు పుట్టింది ఆ ఏడే. పొద్దస్తమానం "పొయ్యికాడ", "మిరపచేలో", "యాడికి పోతన్నావురా" అంటూ మాట్లాడే మనిషి, చాప మీద మోకరించగానే "ఆశీర్వదింపబడిన", "మరణ సమయమందును" వంటి మాటలను ఒక్క ఒత్తు తప్పకుండా పలికేది. పుస్తకం ముట్టని ఆ నోటి నుంచే నేను గ్రాంథిక తెలుగు మొదట విన్నాను. హైస్కూల్లో పద్యాలు వచ్చినప్పుడు తోటివాళ్ళు కష్టపడిన చోట నాకు కష్టం అనిపించలేదంటే అది ఆమె పుణ్యమే.

ఆ జపాల్లో నన్ను ఇప్పటికీ ఆకట్టుకునేది వాటిలోని మర్యాద. మేము నాయనమ్మను నువ్వు అనేవాళ్ళం, సర్వేశ్వరుణ్ణి మీరు అనేవాళ్ళం. "నానాటికి కావలసిన మా అన్నము మాకు నేటికి ఇవ్వండి" అని పరలోక జపంలో అడుగుతాము. ఇమ్ము అనలేదు, దయచేయుము అనలేదు. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగినట్టే ఇవ్వండి అన్నాము. అన్నము అన్న మాట కూడా అంతే. పాలస్తీనాలో రొట్టె అయినది మా పల్లెల్లో అన్నమయింది. మేము వెళ్ళేది గుడికి, అక్కడ జరిగేది పూజ, చేసేది స్వాములవారు, చేతికో నాలుక మీదికో అందేది సత్ప్రసాదం. స్కూల్లో వేరే సంఘానికి చెందిన స్నేహితులు ఈ మాటలు విని ఆశ్చర్యపోయేవారు. నాకేమో వాళ్ళ మాటలు కొత్తగా ఉండేవి. మా ముందుతరాల వాళ్ళు చెప్పులు విడిచి, నేల మీద కూర్చుని, ఆడవాళ్ళు కొంగు తల మీదికి లాక్కుని ప్రార్థించిన తీరును ఎవరూ మాకు పాఠంగా చెప్పలేదు. అది ఇంటి నుంచే గుడికి వెళ్ళింది.

ఇక నాయనమ్మ జపమాల సంగతి చెప్పాలి. అది నల్లటి కర్ర పూసల మాల. వేళ్ళ రాపిడికి పూసలు చింతగింజల్లా నునుపెక్కి ఉండేవి. జపమాలకు మొత్తం యాభైతొమ్మిది పూసలు. సిలువ దగ్గర అయిదు, ఆపైన పదేసి చొప్పున అయిదు వరుసలు, వరుసకూ వరుసకూ మధ్య ఒక్కొక్కటి చొప్పున నాలుగు. అంటే మంగళవార్త జపాలు యాభైమూడు, పరలోక జపాలు ఆరు. మూడు రకాల దేవరహస్యాలు చెప్పుకుంటే వరుసల్లోని మంగళవార్త జపాలు నూటయాభై అవుతాయనీ, అది దావీదు కీర్తనల లెక్కేననీ, కీర్తనలు చదవడం రాని పేదలకు ఆ లెక్కనే దేవమాత చేతికిచ్చిందనీ నాన్నగారు చెప్పేవారు. అది విన్నప్పుడల్లా నాయనమ్మ ముఖంలో ఒక తృప్తి కనిపించేది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, ఒక వానాకాలం సాయంత్రం, ఆ మాల ఎవరు పట్టుకోవాలని నేనూ తమ్ముడూ పెనుగులాడాము. దారం తెగింది. పూసలు నేలంతా దొర్లాయి. అమ్మ లాంతరు దించి చూపిస్తుంటే అందరం వంగి ఏరాము. యాభైఎనిమిది దొరికాయి. మిగిలిన ఆ ఒక్కటీ గడప కింది బీటలోకి పోయి ఉంటుందని నాన్నగారు చీపురుపుల్లతో ఎంతసేపు వెతికినా కనబడలేదు. నాకు చెంపదెబ్బ ఖాయమనుకున్నాను. నాయనమ్మ ఏమీ అనలేదు. ఆ రాత్రి తన రేకుపెట్టె తెరిచి, అడుగున గుడ్డలో చుట్టి దాచుకున్న నల్లపూసలు బయటికి తీసింది. తాతయ్య పోయినప్పుడు మెడలోంచి తీసి దాచినవి అవి. వాటిలోంచి ఒకటి ఊడదీసి, చేపల వలకు వాడే గట్టి దారంతో మాలను మళ్ళీ కూర్చింది. నల్లపూస మరీ చిన్నది కావడంతో ఆ చోట వేలికి ఖాళీ తగిలింది. అప్పుడు రెండోది కూడా పక్కనే గుచ్చింది. అలా మూడో వరుసలో ఏడో పూస ఉండవలసిన చోట రెండు నల్లపూసలు చేరాయి.

మరుసటి రోజు మూడో దేవరహస్యం ఆమె మొదలుపెట్టింది. వేలు ఆ చోటికి వచ్చింది. ఒక నల్లపూసకు ఒక జపం చెప్పింది, రెండో దానికి ఇంకొకటి చెప్పింది. మేము పది లెక్కపెట్టుకుని, ప్రతి పదింటి చివరా చెప్పే త్రిత్వ స్తోత్రానికి సిద్ధపడేసరికి ఆమె పదకొండోది చెబుతోంది. జపం ముగిశాక నాన్నగారు "అమ్మా, మూడో రహస్యంలో ఒకటి ఎక్కువైంది" అన్నారు. "ఎక్కువేం కాదులేరా. ఉత్తరించు స్థలంలో ఎవరూ జపం చెప్పే దిక్కులేని ఆత్మలు ఎన్ని ఉంటాయో! ఆ ఒక్కటీ వాళ్ళకి" అంది. ఉత్తరించు స్థలమంటే చనిపోయినవారి ఆత్మలు మోక్షానికి ముందు శుద్ధి పొందే చోటు. ఆ రోజు నుంచి మా ఇంట్లో మూడో రహస్యానికి పదకొండు జపాలయ్యాయి. సంతోష దేవరహస్యాల్లో మూడోది యేసు జననం, దుఃఖ దేవరహస్యాల్లో ముళ్ళకిరీటం, మహిమ దేవరహస్యాల్లో పవిత్రాత్మ దిగివచ్చుట. ఈ మూడింటిలో ఏది వచ్చినా దిక్కులేనివారికి ఒక జపం ఉండేది.

నేను పీఠబాలుడిగా చేరినది ఆ తర్వాతి ఏడాదే. తెల్లని అంగీ తొడుక్కుని, సత్ప్రసాదం పంచే వేళ స్వాములవారి పక్కన నిలబడి, ఒక్కొక్కరి గడ్డం కింద పళ్ళెం పట్టడం నా పని. వరుసలో నాయనమ్మ వచ్చినప్పుడు మాత్రం నా చెయ్యి వణికేది. పూజలో మేము తెలుగులో జవాబులు చెబుతుంటే ఆమె ఎంత ఇష్టంగా గొంతు కలిపేదో పీఠం దగ్గర నుంచి చూసేవాణ్ణి. ఆమె వయసులో సగం కాలం గడిచింది లతీను పూజలతోనే. స్వాములవారు పీఠం వైపు తిరిగి, జనానికి వీపు పెట్టి, అర్థం కాని భాషలో మెల్లగా చెప్పుకుంటుంటే, వెనుక నేల మీద కూర్చున్న ఆడవాళ్ళు తమ జపమాల తాము చెప్పుకునేవారట. 1962 నుంచి 1965 దాకా జరిగిన రెండవ వాటికన్ మహాసభ తర్వాత పూజ తెలుగులోకి వచ్చింది. "అప్పుడు పూజ స్వాములది, జపమాల మాది. తెలుగులో చెప్పినాక పూజ కూడా మాదే అయింది" అనేది. పూజ గురించి పెద్ద పుస్తకాల్లో తర్వాత నేను చదివినవేవీ ఆ రెండు మాటలను మించలేదు. అయినా లతీను ఆమె నోట కొంత మిగిలిపోయింది. సత్ప్రసాద ఆశీర్వాదం రోజున "తాంతుమ్ ఎర్గో" అని అందరితో పాటు పాడేది. స్వాములవారు "దోమినుస్ వోబిస్కుమ్" అంటే ఏమనాలో నాకు నేర్పింది కూడా ఆమే. సాంబ్రాణి పొగ, చిరుగంట మోత, ఆ రాగం కలిసి వచ్చినప్పుడు అర్థం అడగాలని నాకెప్పుడూ తోచలేదు. పూజలో హారతి ఇవ్వడం, చేతులు జోడించి ఒకరికొకరు శాంతి తెలుపుకోవడం వంటి మన దేశపు పద్ధతులకు రోము 1969లో అనుమతి ఇచ్చిందని చాలా కాలం తర్వాత తెలుసుకున్నాను. మా గుడిలో ఆడవాళ్ళు హారతి పళ్ళెం తిప్పుతుంటే అది తనకు ముందే తెలిసిన విషయంలా చూసేది నాయనమ్మ.

ఈస్టరుకు ముందటి నలభై రోజుల తపస్సు కాలం వస్తే ఇంటి రూపమే మారిపోయేది. విభూది బుధవారం నాడు నుదుట బూడిద గుర్తుతో బడికి వెళ్ళేవాణ్ణి. అది చెరిగిపోకుండా సాయంత్రం దాకా ముఖం కడుక్కునేవాణ్ణి కాదు. శుక్రవారం మాంసం వండేవారు కాదు. మధ్యాహ్నం ఎండ తగ్గాక గుణదల కొండ మెట్లు ఎక్కుతూ, యేసు సిలువ మోసిన దారిలోని ఘట్టాలను స్థలానికొకటిగా తలుచుకునే సిలువ మార్గం చేసేవాళ్ళం. స్థలాలు పధ్నాలుగే ఉండాలని 1731లో పన్నెండవ క్లెమెంటు పోపు స్థిరపరిచారట. పధ్నాలుగు సార్లు మోకరించి, పధ్నాలుగు సార్లు లేచి నిలబడాలి. ఎండకు కాగిన మెట్ల రాయి మోకాళ్ళను చురుక్కుమనిపించేది. నాయనమ్మ చెప్పులు లేకుండా నడిచేది, నన్నూ అలాగే నడిపించేది. నాలుగో స్థలం, అంటే యేసు తన తల్లిని కలుసుకున్న చోట, తక్కినవాళ్ళు ముందుకు కదిలినా ఆమె ఇంకాసేపు ఆగేది. నాన్నగారికి పైన ఆమెకు ఒక కొడుకు పుట్టి, నాలుగేళ్ళకు విషజ్వరంతో పోయాడని అమ్మ నాకు చెప్పింది చాలా ఏళ్ళ తర్వాత. యేసు ప్రాణం విడిచిన పన్నెండో స్థలంలో ఎవరూ మాట్లాడేవారు కాదు. కింద స్టేషన్ వైపు నుంచి రైలు కూత మాత్రం వినబడేది.

గుణదల తిరునాళ్ళ గురించి రాయాలంటే అది వేరే సంగతి అవుతుంది, కానీ జపంతో దానికున్న సంబంధం చెప్పక తప్పదు. కొండ గుహలో ఆ లూర్దుమాత స్వరూపాన్ని 1924లో నిలిపినవారు అర్లాటి స్వాములవారు. అప్పుడు ఆయన గుణదల సెయింట్ జోసెఫ్ అనాథాశ్రమానికి అధిపతి. ఫ్రాన్సులోని లూర్దులో బెర్నదెత్తమ్మ అనే బాలికకు దేవమాత మొదట కనిపించినది 1858 ఫిబ్రవరి 11న. అందుకే ఇక్కడ ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో ఉత్సవం చేస్తారు. ఆ మూడు రోజులు మా ఇల్లు సత్రమయ్యేది. ఫిరంగిపురం, సత్తెనపల్లి వైపుల నుంచి చుట్టాలు, చుట్టాల చుట్టాలు మూటలతో దిగేవారు. తలనీలాలు ఇచ్చేవారు, కొబ్బరికాయలు కొట్టేవారు, కొవ్వొత్తులు వెలిగించేవారు, క్రైస్తవులు కాని వారు కూడా మొక్కు తీర్చుకుని మా వరండాలో నడుము వాల్చేవారు. రాత్రి ముప్పైమంది ఒక్కసారి జపమాల మొదలుపెడితే ఒక్కొక్క ఊరి రాగం ఒక్కొక్క తీరున నడిచేది. పల్లెవాళ్ళు వాక్యం చివర సాగదీస్తే, బెజవాడవాళ్ళం తొందరగా ముగించేవాళ్ళం. మొదటి వరుస గందరగోళంగానే సాగేది. రెండో వరుస సగానికి వచ్చేసరికి, ఎవరూ చెప్పకుండానే, అందరి గొంతులూ ఒక దారిన పడేవి. ఆ సర్దుబాటు ఏ క్షణంలో జరిగేదో పట్టుకోవాలని ప్రతి ఏడూ చెవులు రిక్కించేవాణ్ణి, ఎన్నడూ పట్టుకోలేకపోయాను. మూడో రహస్యం నాయనమ్మది గనుక ఆ ముప్పైమందీ పదకొండు చెప్పేవారు.

నాయనమ్మ 1993 కార్తీకంలో పోయింది. మూడు రోజులు మంచం దిగలేదు. స్వాములవారు వచ్చి అవస్థాభ్యంగనం ఇచ్చారు. నుదుటికీ అరచేతులకూ తైలం రాస్తుంటే, ఆమె ఆ అరచేతులను తనంతట తానే తిప్పి పట్టింది. ఆ సాయంత్రం చాపను నేను విదిలించాను. మంచం చుట్టూ మోకరించి జపం మొదలుపెట్టాము. మొదటి రెండు రహస్యాలకు ఆమె పెదవులు కదిలాయి. మూడోది ఆమెదే కదా అని నాన్నగారు ఆగారు. కాసేపు ఎదురుచూసి, ఆయనే మొదలుపెట్టారు. పదకొండూ చెప్పారు. ఆ జపమాలను ఆమె చేతులకు చుట్టే సాగనంపాము. రెండు నల్లపూసలూ ఆమెతోనే వెళ్ళాయి. నవంబరు 2న సమాధుల పండుగకు సున్నం వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి, నిత్య విశ్రాంతి దయచేయమని చెప్పే వేళ ఆ పూసలు గుర్తుకు రాని ఏడాది లేదు.

తర్వాత జపమాలే కొంత మారింది. 2002 అక్టోబరులో రెండవ జాన్ పాల్ పోపుగారు వెలుగు దేవరహస్యాలను చేర్చి వాటిని గురువారానికి కేటాయించారు. నాన్నగారు ఆ అయిదింటినీ గుండ్రని అక్షరాలతో ఒక అట్ట మీద రాసి, తిరుహృదయం పటం కింద అంటించారు. గురువారానికి ఉన్న సంతోష దేవరహస్యాలు శనివారానికి మారడం అలవాటు కావడానికి ఆయనకు ఏడాది పట్టింది. 2020లో గుళ్ళు మూతపడి, పూజను ఫోన్లలో చూసుకుంటున్న రోజుల్లో, జూన్ 20న, దేవమాతను వరుసగా ఒక్కొక్క పేరుతో పిలిచే ప్రార్థన మాలలో మూడు కొత్త పిలుపులు చేరాయి. 1587లో ఐదవ సిక్స్టస్ పోపు ఆమోదించిన ఆ మాలలో దేవమాతను ఉదయకాల నక్షత్రమని, రోగుల ఆరోగ్యమని, పాపాత్ముల శరణమని పిలుస్తాము. కొత్తగా చేరిన వాటిలో ఒకటి ఆమెను వలసపోయేవారి ఊరట అని పిలుస్తుంది. ఆ వేసవిలో నెత్తిన మూటలతో, చంకన పిల్లలతో జాతీయ రహదారి వెంట నడిచిపోతున్న కూలీలకు మా తమ్ముడూ నేనూ మజ్జిగ ప్యాకెట్లు, పులిహోర పొట్లాలు అందించి వచ్చాము. ఆ పేరుతో దేవమాతను మొదటిసారి పిలిచినప్పుడు అమ్మ గొంతు పూడుకుపోయింది. "మా కొరకు ప్రార్థించండి" అని నేనే అందుకున్నాను.

అక్టోబరు జపమాల మాసం. మా విచారణలో, అంటే మా గుడి పరిధిలో, ఆ నెలంతా రోజుకొక ఇంట్లో జపం పెట్టుకుంటారు. 2022లో మా ఇంటి వంతు వచ్చినప్పుడు పాతిక మందికి పైగా వచ్చారు. పెంకుటిల్లు పోయి డాబా అయింది, ఈతచాప పోయి ప్లాస్టిక్ చాపలు వచ్చాయి. సిస్టర్‌గారు ఒక్కొక్క రహస్యాన్ని ఒక్కొక్కరికి అప్పగిస్తూ, మూడోది మా అమ్మాయిని చెప్పమన్నారు. పన్నెండేళ్ళ పిల్ల, దాని చేతిలోది తిరునాళ్ళలో కొన్న మామూలు జపమాల, వరుసకు పదే పూసలు. పది జపాలు పూర్తయ్యాయి. అందరూ "పితకును పుత్రునకును" అని త్రిత్వ స్తోత్రం ఎత్తుకున్నారు. వాళ్ళ గొంతుల మధ్య నుంచి మా పిల్ల గొంతు ఒక్కటే వేరుగా వినబడింది: "దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము." ఒక్కొక్కరే ఆగిపోయారు. సిస్టర్‌గారు తలెత్తి చూశారు. పిల్ల ఆగలేదు, కళ్ళు మూసుకునే చెప్పుకుంటూ పోయింది. దాని వాక్యం ముగిసి, ఎవరు అందుకుంటారో తెలియని ఒక్క క్షణం గడిచాక, మోకాళ్ళ నొప్పులతో వెనుక కుర్చీలో కూర్చున్న మా అమ్మ గొంతు వినబడింది: "పరిశుద్ధ మరియమ్మా, సర్వేశ్వరుని మాతా..."